మిరపకాయల తొడిమలూ తంతి చప్పుడూ

1958 ఆగస్టు 16, శనివారం. జగ్గయ్యపేట పోస్టాఫీసు. ఉదయం పదకొండు గంటలు. హాజరైనవారు: బెజవాడ నుంచి వచ్చిన తంతి ఇనస్పెక్టరు గారు, మా పోస్టుమాస్టరు గారు, నాకు తంతి నేర్పిన సిగ్నలరు మాస్టారు, టెలిగ్రాములు బట్వాడా చేసే జవాను, నేను. గోడవతల క్వార్టర్సు వంటింట్లో మాస్టారి భార్య.

ఆ రోజు డైరీలో మొదటి ఐదుగురినే రాశాను. ఆరో మనిషిని ఇప్పుడు కలుపుతున్నాను. ఆవిడ లేకపోతే ఆ పేజీలో గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ ఉండేది కాదు.

పదిహేడో ఏట నుంచి నాకు డైరీ అలవాటు. ఎండో వానో, ఎన్నింటికి లేచానో, ఏం పని చేశానో, ఎవరు ఏమన్నారో రాసి పడుకుంటాను. నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ. పరీక్ష నాడు జోరున వాన కురిసిందని, పెంకుల మీద చినుకుల మోతకి ఇబ్బంది పడ్డానని మా ఇంట్లో వాళ్లకి ఏళ్ల తరబడి చెప్పాను. మొన్న డైరీ తీస్తే "ఎండ. విపరీతమైన ఉక్క" అని ఉంది. ఆ వాన మరో రోజుది అయివుంటుంది. జ్ఞాపకానికి అబద్ధం చెప్పాలని ఉండదు కానీ, ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే పూడ్చకుండా ఊరుకోలేదు. అందుకని ఇక్కడ డైరీ చూసే రాస్తున్నాను.

మాది చిల్లకల్లు. మా నాన్న కూలికి వెళ్లేవాడు. ఎస్సెల్సీ ప్యాసయ్యాక నాకు జగ్గయ్యపేట పోస్టాఫీసులో ప్యాకరు పని దొరికింది. సంచుల మూతులు కట్టడం, కొవ్వొత్తి మీద లక్క కరిగించి సీలు వేయడం. రెండేళ్లు ఆ పని చేశాక, తంతి నేర్చుకుని పరీక్ష ప్యాసైతే సిగ్నలరుగా తీసుకుంటామన్నారు. రెండే అవకాశాలు. నిమిషానికి ఇరవై మాటలు చెవితో విని చేత్తో రాయగలగాలి. ఏప్రిల్లో మొదటి పరీక్షలో పన్నెండు దగ్గర ఆగిపోయాను. ఆగస్టులో కూడా తప్పితే ఇక లక్కా కొవ్వొత్తీ జీవితాంతం నావే. మా నాన్న అప్పటికే చర్చిలో లేచి నిలబడి, మావాడు తంతి బాబు కాబోతున్నాడు, ప్రార్థన చేయండి అని అందరినీ అడిగి ఉన్నాడు.

తంతి అందించే పరికరాన్ని సౌండరు అంటారు. ఒక చిన్న ఇత్తడి కడ్డీ కిందికి ఒకసారి, పైకి ఒకసారి కొట్టుకుంటుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. చుక్కలూ గీతలూ కలిస్తే ఒక ఇంగ్లీషు అక్షరం. చప్పుడు బాగా వినబడటానికి మా మాస్టారు దాని వెనక ఒక ఖాళీ సిగరెట్టు డబ్బా నిలబెట్టారు. దాంతో అది వీధిలోకి కూడా వినబడేది. వినేవాళ్లకి అది వడ్రంగిపిట్ట చప్పుడులా ఉండేది.

నేను పద్ధతి ప్రకారం నేర్చుకున్నాను. ఒక నోటుపుస్తకంలో ఒక్కో అక్షరానికీ చుక్కలూ గీతలూ బొమ్మ గీసి, రంగు పెన్సిలుతో దిద్ది, మూడు వారాల్లో అన్నీ కంఠస్థం చేశాను. రోజూ సాయంత్రం నా వేగం డైరీలో ఒక గళ్ల కాగితం మీద చుక్క పెట్టి గీత కలిపేవాడిని. ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు, పన్నెండు. అక్కడి నుంచి ఏడు వారాలు పన్నెండే. ఒక రోజు పదమూడు, మర్నాడు మళ్లీ పన్నెండు. గీత బల్లలా చదునుగా పోయింది.

రిటైరైన తర్వాత, టీచరు ట్రైనింగులో ఉన్న మా మనవరాలు మనస్తత్వశాస్త్రం పుస్తకం ముందేసుకుని చదువుతుంటే పక్కన కూర్చుని చూశాను. చేతన, స్మృతి, అభ్యసనం అని వరుసగా అధ్యాయాలు. అభ్యసనం దగ్గర ఒక బొమ్మ ఉంది. గీత పైకెక్కి, మధ్యలో చదునుగా సాగి, మళ్లీ పైకెక్కుతుంది. ఆ చదును భాగాన్ని పీఠభూమి అన్నారు. నేను లేచి వెళ్లి యాభై ఎనిమిది నాటి డైరీ తెచ్చి పక్కన పెట్టాను.

"తాతయ్యా, ఇదెక్కడ చూసి కాపీ కొట్టావ్?" అంది.

"మీ పుస్తకమే నన్ను చూసి కొట్టింది" అన్నాను.

"అయితే ఇక్కణ్ణించి ఎట్టా ఎక్కావో చెప్పు. మా మేడం అడిగితే నీ పేరు చెప్తా."

ఆ పిల్లకి చెప్పిందే ఇది.

ఏప్రిల్లో ఫెయిలైన తర్వాతి సోమవారం మాస్టారు నా నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. ఆయనకి యాభై ఏళ్లు పైబడి ఉంటాయి. సన్నటి మనిషి, ఎప్పుడూ బుగ్గన వక్క. పేజీలన్నీ తిప్పి చూశారు.

"బొమ్మలు బాగా గీశావోయ్. ఇదంతా దేనికి?"

"నేర్చుకోడానికండి."

"నేర్చుకోడానికా, దాచుకోడానికా? చప్పుడు వినగానే ఈ పుస్తకంలో పేజీ తిప్పుతున్నావు నువ్వు, మనసులో. బొమ్మ దొరికాక అక్షరం. ఈలోపు రెండక్షరాలు వెళ్లిపోతాయి. చర్చిలో పాట పాడతావా?"

"పాడతానండి."

"చదువు రాకముందు పాడావా?"

"పాడానండి. మా నాన్నకి ఇప్పటికీ చదువు రాదు. పాట ఎత్తేది ఆయనే."

"మరి ఆయన అక్షరాలు కూడబలుక్కుని ఎత్తుతాడా? మాట వెనక మాట అదే వస్తుంది. ఇదీ అంతే. పరీక్ష అయ్యేదాకా ఈ పుస్తకం నా పెట్టెలో ఉంటుంది."

"డైరీ కూడా ఇచ్చెయ్యాలాండీ?"

"డైరీ నీ ఇష్టం. దాంట్లో చుక్కా గీతా కనిపిస్తే మాత్రం చింపి పొయ్యిలో పెడతా."

రాసుకోకుండా నేర్చుకోవడం నాకు చేతులు కట్టేసినట్టే అనిపించింది. ఆయన మాట మీద గౌరవం కొద్దీ ఒప్పుకున్నాను కానీ, మరో మూడు వారాలు గడిచినా గీత కదల్లేదు. అసలు సంగతి మే నెలలో తెలిసింది.

మాస్టారి క్వార్టర్సు పోస్టాఫీసు వెనకే. తంతి గదికీ వాళ్ల వంటింటికీ మధ్య ఒకటే గోడ. మధ్యాహ్నం లైను ఖాళీగా ఉన్నప్పుడు ఆయన నన్ను పెరటి వసారాలో కూర్చోబెట్టుకుని అడకత్తెరతో పాఠం చెప్పేవారు. వక్క లేకుండా ఉత్త అడకత్తెరని టకటకమని మూసి తెరిస్తే అచ్చం సౌండరు చప్పుడే. ఆ రోజు మాస్టారి భార్య, అమ్మగారు, ఏడాదికి సరిపడా ఎండు మిరపకాయలు వసారాలో పోసుకుని తొడిమలు తీస్తున్నారు. మాస్టారు ఏదో కొట్టి, "ఏం కొట్టాను?" అన్నారు.

"ఎస్... టి... ఏ..." అని నేను మొదలుపెట్టాను.

అమ్మగారు తలెత్తకుండానే, "బయల్దేరి రమ్మంటున్నారు, వెంటనే" అన్నారు. "ఎవర్నండీ?"

మాస్టారి చేతిలో అడకత్తెర తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆయన కొట్టింది "స్టార్ట్ ఇమ్మీడియట్లీ". అమ్మగారికి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కటి కూడా రావు. తెలుగే కూడబలుక్కుని చదువుతారు.

"నీకెట్టా తెలిసింది?"

"పదకొండేళ్ల నించీ ఈ గోడ పక్కన వండి పెడుతున్నా. చెవులకి గొళ్లెం పెట్టుకోమంటారా?" అన్నారు ఆవిడ. "ఆ చప్పుడు అయినప్పుడల్లా మీరు గొంతు సవరించుకుని జవాన్ని 'త్వరగా, త్వరగా' అంటారు. సాయంత్రం ఆ ఇంట్లో వాళ్లు బస్సెక్కిపోయారని తెలుస్తది. ఎన్నిసార్లు వింటే తెలీదు?"

"ఇంకా ఏం తెలుసు?"

"పిల్ల పుట్టింది తెలుసు. సీరియస్సు తెలుసు. పోయారన్నదీ తెలుసు. సరుకు పంపు, సరుకు ఆపు. మిర్చి కొట్టు శెట్టిగారి పేరు తెలుసు, రోజుకి నాలుగుసార్లు మోగుద్ది గదా."

మాస్టారి ముఖం తెల్లబోయింది. తంతిలో వచ్చిన సంగతి అడ్రసుదారుడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే అలా ప్రమాణం చేయించి సంతకం తీసుకుంటారు.

"ఎవరితోనన్నా అన్నావా ఎప్పుడైనా?"

ఆవిడ చేతిలో ఉన్న మిరపకాయ చేటలో పడేశారు. "నాలుగేళ్ల కిందట శెట్టిగారి భార్య ఇక్కడే, నా ఎదురుగా కూర్చుని ఆవకాయ కలుపుతోంది. లోపల వాళ్ల పేరు మోగింది. తర్వాత ఆ పోయిన చప్పుడు మోగింది. ఆవిడ తమ్ముడు. జవాను వచ్చేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఉప్పు సరిపోయిందా, నూనె చాలుద్దా అని ఆవిడ అడుగుతుంటే జవాబులు చెప్పా. కళ్లు తుడుచుకుంటుంటే ఏమైందమ్మా అంది. కారం పడింది అన్నా. అంతే."

మాస్టారు అడకత్తెర మూసి పక్కన పెట్టారు. ఆ సాయంత్రం డైరీలో ఈ మాటలన్నీ రాసుకున్నాను. మనవరాలి పుస్తకంలో, గంట మోగగానే కుక్కకి నోట్లో నీళ్లూరడం గురించి చదివినప్పుడు నాకు అమ్మగారే గుర్తొచ్చారు. చప్పుడు వెనక సంగతి వస్తుందని చెవి తనంతట తాను నేర్చుకుంటుంది, నిజమే. కానీ గంట మోగితే కుక్కకి నోరూరింది. అమ్మగారు నోరు కట్టుకున్నారు. దాన్ని గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మర్నాటి నుంచి పాఠం మారిపోయింది. మాస్టారు నా చేతిలో పెన్సిలు తీసుకున్నారు. అమ్మగారు ఒక చేటెడు మిరపకాయలు నా ముందుకు తోశారు.

"నువ్వు మరీ చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నావు అబ్బాయ్" అన్నారు ఆవిడ. "వచ్చే దొంగని పట్టుకుందామని కాసుకున్నట్టు. నేను పప్పు మాడకుండా చూసుకుంటా, పాలు పొంగకుండా చూసుకుంటా, మధ్యలో విన్నాను. నువ్వూ తొడిమలు తియ్యి. మాట అదే వచ్చి పడుద్ది."

మాస్టారు అడకత్తెరతో ఒక మాట కొడతారు. మేమిద్దరం తొడిమలు తీస్తూ వింటాం. ముందు ఎవరికి తెలిస్తే వాళ్లు చెప్పాలి. ఆవిడ తెలుగులో, నేను ఇంగ్లీషులో. మొదటి వారమంతా నేను ఓడిపోయాను.

"ఎస్సెల్సీ ప్యాసయ్యావు, సిగ్గులేదూ?" అనేవారు మాస్టారు నవ్వుతూ.

"పోన్లెండి, పిల్లాడు. కాయలైనా తెముల్తున్నాయి" అనేవారు ఆవిడ.

వేళ్లు భగ్గుమని మండేవి. ఒకసారి మరిచిపోయి కన్ను రుద్దుకుని పెరట్లో తొట్టి దగ్గరికి పరిగెత్తాను. మొహం కడుక్కుంటుంటే వెనక అడకత్తెర మోగింది. నొప్పి తప్ప మరో ధ్యాస లేని ఆ స్థితిలో, "వాటర్" అని నా నోటి నుంచి వచ్చేసింది. అక్షరాలు వినలేదు. బొమ్మలు చూడలేదు. వీధిలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసినట్టు మాట మాటగా వచ్చింది.

"పడింది!" అన్నారు మాస్టారు. అమ్మగారు వెన్న తెచ్చి నా కంటి చుట్టూ రాశారు.

మే ఆఖరుకి పద్నాలుగు. జూన్ నెల సగానికి పదిహేడు. పెన్సిలు మళ్లీ చేతికి ఇచ్చాక మాస్టారు ఇంకొకటి నేర్పారు. విన్న మాట విన్నప్పుడే రాయకూడదు. రెండు మాటలు చెవిలో ఉంచుకుని మూడోది వింటూ మొదటిది రాయాలి. "సామాను మోసేవాడు భుజం మీద ఒకటి ఉండగానే రెండోది అందుకుంటాడు, చూళ్లేదూ" అనేవారు. జులై నెలాఖరుకి ఇరవై ఒకటి. తర్వాతి కాలంలో నేనే చాలామందికి తంతి నేర్పాను. ప్రతివాడి నోటుపుస్తకం ముందు నా పెట్టెలో పెట్టించాను. ఒక్కడూ ఫెయిల్ కాలేదు. ఈ మాట నేను చాలాచోట్ల చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇక ఆగస్టు పదహారు. ముందురోజు జెండా పండుగకి కట్టిన రంగు కాగితాల తోరణాలు ఇంకా కిటికీకి వేలాడుతున్నాయి. ఇనస్పెక్టరు గారు నేర్చుకునేవాళ్ల కోసం ఉంచిన, తంతి కొట్టే కీ ముందు కూర్చుని, ఆఫీసులో ఉన్న పాఠాల కట్ట నుంచి ఒక కాగితం లాగి కొట్టడం మొదలుపెట్టారు. ఐదు నిమిషాలు.

మొదటి వాక్యం దాకా నా గుండె చప్పుడు కూడా వినబడింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఇనస్పెక్టరు గారి చొక్కా మూడో గుండీ వేరే రంగుది. కిటికీ దగ్గర పచ్చ కాగితం ఒకటి ఊడి గాలికి గోడకి అతుక్కుని, మళ్లీ విడిపోయింది. మా నాన్న ఈ పాటికి కలుపు తీస్తూ ఉంటాడు అనుకున్నాను. ఇవి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టున్నాయి. పెన్సిలు ఆగింది. చూస్తే కాగితం నిండా నా చేతిరాత.

ఇనస్పెక్టరు గారు ఎర్ర సిరాతో చూసుకుంటూ పోయారు. రెండే తప్పులు. మళ్లీ మొదటి నుంచి చూశారు.

"ఏప్రిల్లో పన్నెండు. ఇప్పుడు ఇరవై దాటింది. ఏం మందు తిన్నావోయ్?"

నేను మాస్టారి వైపు చూశాను.

"సరే, ఈ పాఠంలో విషయం ఏంటో చెప్పు."

ఎంత ఆలోచించినా ఒక్క మాట గుర్తుకు రాలేదు. "తెలీదండి" అన్నాను.

"రాసింది నువ్వేగా?"

"నేనేనండి."

"రాసినవాడికి తెలీకుండా ఎట్టా రాస్తావ్?" ఆయన పోస్టుమాస్టరు గారి వైపు తిరిగారు. "ఈ పాఠాలు పాతవి. ఇక్కడే పడి ఉంటాయి. ఎవరన్నా వీడి చేత కంఠస్థం పట్టించారా?"

పోస్టుమాస్టరు గారికి చెమటలు పట్టాయి. "నాకేం తెలీదు సార్, నేర్పింది ఆయనే" అని మాస్టారిని చూపించారు.

మాస్టారు బుగ్గన ఉన్న వక్క తీసి బయట పారేసి వచ్చి నిలబడ్డారు. "కంఠస్థం పట్టినవాడికి విషయం నోటికి రావాలి కదండీ. ఒక మాట అందిస్తే మిగతాది గడగడా అప్పజెప్పాలి. వీడికి విషయమే తెలీదంటున్నాడు. మీరు లైను మీద కూర్చున్న రోజుల్లో పొద్దుట్నించీ తీసిన టెలిగ్రాములన్నీ సాయంత్రానికి ఎన్ని గుర్తుండేవండీ?"

ఇనస్పెక్టరు గారు ఎర్ర సిరా కలానికి మూత పెట్టారు. "ఒక్కటీ ఉండేది కాదు" అన్నారు. పెదవుల మీద నవ్వు వచ్చి, మళ్లీ ముఖం గంభీరంగా పెట్టుకున్నారు. "అయినా అనుమానం అనుమానమే. సంతకం పెట్టేది నేను. రేపు పొద్దున లైను మీద కూర్చోబెడతా. నందిగామ ఏం పంపితే అది తీసుకోవాలి. నేనూ పక్కన కూర్చుని రాస్తా. రెండు కాగితాలూ కలిస్తే సరే, కలవకపోతే సంచుల దగ్గరికే."

ఆ రోజు డైరీలో పరీక్ష పాఠం దేని గురించో రాయలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. నాకు తెలియకుండా నా చెవీ చేయీ కలిసి ఆ పని పూర్తి చేశాయి. అంతకంటే గర్వపడే పని నేను తెలిసి చేసింది లేదు.

మర్నాడు ఆదివారం. తంతి ఆఫీసు ఎనిమిది నుంచి పది దాకా మాత్రమే. నేను చర్చికి వెళ్లని మొదటి ఆదివారం అది. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు కూర్చున్నాను. ఇనస్పెక్టరు గారు నా ఎడమ పక్కన, మోకాలి మీద కాగితం పెట్టుకుని. మాస్టారు తలుపు దగ్గర. గోడవతల రుబ్బురోలు చప్పుడు ఆగింది.

ఎనిమిదీ పది నిమిషాలకి నందిగామ పిలిచింది. అక్కడి సిగ్నలరు చేయి తొందర చేయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకోనివ్వడు. వరసగా మూడు టెలిగ్రాములు పంపాడు. మూడూ తీసుకున్నాను. అందినట్టు జవాబు కొట్టి చేయి కింద పెట్టాను.

ఇనస్పెక్టరు గారు తన కాగితమూ నా కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వేలితో వరస వెంట వరస చూసుకుంటూ పోయారు. మూడో దాని అడుగుకి వచ్చి కలం మూత తీశారు. నా పరీక్ష ఫారం మీద సంతకం పెట్టి, "ఈ మూడింటి మీదా టైము వేసి నీ పొడి అక్షరాలు వెయ్యి. ఇక నువ్వేగా సిగ్నలరువి" అన్నారు. మాస్టారు తల పక్కకి తిప్పుకున్నారు. గోడవతల రోలు మళ్లీ కదిలింది, మునుపటికంటే జోరుగా.

టెలిగ్రాములు కవర్లలో పెట్టబోతుంటే జవాను వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. పెద్దవాడు. అప్పటిదాకా నన్ను ఏరా అబ్బాయ్ అనేవాడు.

"బాబుగారూ, మొదటిది ఎట్టాంటి కబురండీ? మంచిదైతే వీధి మొదట్నించీ బెల్లు కొట్టుకుంటూ పోతా. కాకపోతే సైకిలు దిగి నడిపించుకు పోవాలి."

నేను కాగితం నా వైపు తిప్పుకుని, నా చేతిరాతనే మొదటిసారిగా చదివాను.

"బెల్లు కొట్టుకుంటూ వెళ్లు" అన్నాను.